పందొమ్మిదేళ్ళ ఇల్లాలు నడిపిన ఓడ



ఈ శీర్షికలో నెలకొక స్త్రీ జీవితాన్ని తలచుకుంటున్నాం. ఈ నెల తలచుకునే సహోదరి కాపురం చేసింది ఇంట్లో కాదు, ఓడలో. ఆమె పేరు మేరీ ఆన్ ప్యాటెన్. అమెరికా దేశంలో బోస్టన్ పట్టణపు ఆడపడుచు. బ్రతికింది ఇరవై నాలుగేళ్ళు కూడా నిండకుండానే. ఆ కొద్ది కాలంలోనే, నాటి వాణిజ్య నౌకలన్నిటిలోకీ వేగంగా పరుగెత్తే జాతి ఓడ నొకదాన్ని, భూమ్మీద అన్నిటికంటె భయంకరమైన సముద్రంలో నుండి దాటించి రేవుకు చేర్చింది. భర్త పక్క మీద స్మారకం లేకుండా పడి ఉన్నాడు. ఆమె కడుపులో బిడ్డ ఉన్నది.

ఈ రోజుల్లో తెరచాపల పడవల పందాలలో స్త్రీలు పతకాలు గెలుస్తున్నారు, ఒంటరిగా భూమి చుట్టి వస్తున్నారు. మేరీకి ఏ పతకమూ లేదు. 1856లో ఆడదానికి ఓడలో కళాసీ ఉద్యోగం కూడా ఇచ్చేవారు కారు. కప్తాను భార్యగా మాత్రమే ఆమె ఓడ ఎక్కింది. కాని పందెం మాత్రం నిజమైన పందెమే. ఆ సంగతి ముందు చెప్పాలి.

1848లో కాలిఫోర్నియాలో బంగారం దొరికింది. ఆ మరుసటి ఏడాది నుండి లక్షలాది జనం అటు పరుగెత్తారు. శాన్ ఫ్రాన్సిస్కో రేవు ఒక్కసారిగా పెద్ద పట్టణమై కూర్చుంది. అక్కడ త్రవ్వకానికి పారలు కావాలి, తినడానికి పిండి కావాలి, కట్టుకోవడానికి బట్టలు కావాలి. అవన్నీ తూర్పు తీరంలో న్యూయార్కు నుండి రావాలి. దేశం ఈ కొస నుండి ఆ కొసకు రైలు 1869 దాకా పడలేదు. పనామా కాలువ 1914 దాకా త్రవ్వలేదు. కనుక సరుకు ఓడ దక్షిణ అమెరికా ఖండం అడుగు దాకా దిగి, కేప్ హార్న్ అనే కొన చుట్టూ తిరిగి, మళ్ళీ పైకి ఎక్కి రావలసిందే. ముందు చేరిన ఓడ సరుకుకే మంచి ధర. అందుకని సన్నని నడుముతో, మూడు స్తంభాలతో, ఆకాశానికి అంటేలా తెరచాపలు కట్టిన క్లిప్పర్ అనే ఓడలు పుట్టాయి. ఏ ఓడ ఎన్ని రోజుల్లో చేరిందో పత్రికలు అచ్చువేసేవి. ఒకేసారి బయలుదేరిన ఓడల మీద జనం డబ్బు పందాలు కాసేవారు. ఆ పిచ్చి ఎంతటిదో మనం ఊహించుకోవచ్చు, మన కోళ్ళ పందాలు మనకు తెలియనివి కావు గదా!

అలాంటి క్లిప్పర్లలో ఒకటి నెప్ట్యూన్స్ కార్. 1853లో కట్టారు. పొడవు 216 అడుగులు, బరువు లెక్కలో పదహారు వందల టన్నులకు పైమాట. దానికి కప్తానుగా జాషువా ప్యాటెన్ అనే యువకుణ్ణి పెట్టారు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్ళు కూడా లేవు.

మేరీ 1837 ఏప్రిల్‌లో పుట్టింది. 1853 ఏప్రిల్ 1న జాషువాతో పెండ్లి జరిగేనాటికి ఆమెకు ఇంకా పదహారు నిండలేదు. ఆ దేశంలో ఆ కాలంలో అలా జరిగేవి. మనం మెచ్చుకోదగిన సంగతి కాదుగాని, దాచవలసిన సంగతి కూడా కాదు. రెండేళ్ళకు ఆయనకు నెప్ట్యూన్స్ కార్ అప్పగించినప్పుడు భార్యను ఇంట్లో విడిచి వెళ్ళడానికి ఆయనకు మనసు ఒప్పలేదు. సముద్రం మీద వెళ్ళిన మగవాడు తిరిగి ఇల్లు చూడడానికి ఏడాది, రెండేళ్ళు పట్టే రోజులవి. కప్తానుకు మాత్రం భార్యను వెంట తీసుకువెళ్ళే హక్కు ఉండేది. ఆమెనూ ఎక్కించుకున్నాడు.

ఆ తొలి ప్రయాణం పదిహేడు నెలలు సాగింది. న్యూయార్కు నుండి శాన్ ఫ్రాన్సిస్కో, అక్కడి నుండి చైనా, అక్కడి నుండి లండన్, తిరిగి న్యూయార్కు. భూమిని ఒక చుట్టు చుట్టి వచ్చారు. కొత్త పెళ్ళికూతురు పదిహేడు నెలలు ఓడలో ఏం చేస్తుంది? వంటకు మనిషి ఉన్నాడు. కళాసీలతో కప్తాను భార్య ముచ్చట్లు పెట్టుకోవడం మర్యాద కాదు. చుట్టూ నీళ్ళు. చాలామంది కప్తానుల భార్యలు కుట్టుపనితో కాలం గడిపేవారు. మేరీ భర్త పుస్తకాలు తీసింది. ఆయన బల్ల దగ్గర కూర్చుని లెక్కలు వేస్తుంటే పక్కన చేరింది. ఎందుకు, ఎలా అని అడిగింది. ఆయన విసుక్కోలేదు. నీకెందుకు ఇవన్నీ అనలేదు. నేర్పాడు. ఈ కథలో జాషువా చేసిన గొప్ప పని అదేనని నాకు తోస్తుంది. ఓడను వేగంగా నడిపిన కప్తానులు చాలామంది ఉన్నారు. తన పనిని భార్య చేతికి అందేలా నేర్పి ఉంచినవారు కొద్దిమందే.

ఆమె నేర్చుకున్నదేమిటో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే తరువాత అదే అందరి ప్రాణాలు కాపాడింది.

నడి సముద్రంలో ఓడ ఎక్కడ ఉందో చెప్పడానికి మైలురాయి ఉండదు, చెట్టూ గుట్టా ఉండవు. సూర్యుడు ఉన్నాడు, గడియారం ఉంది. మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఎంత ఎత్తులో ఉన్నాడో సెక్స్టాంట్ అనే చేతి పరికరంతో కొలిస్తే, భూమధ్యరేఖకు ఎంత దూరాన ఉన్నామో తెలుస్తుంది. అది అక్షాంశం. తూర్పు పడమరల సంగతి దానితో తేలదు. దానికి క్రోనోమీటరు అనే నమ్మకమైన గడియారం కావాలి. అది ఇంగ్లండులోని గ్రీనిచ్ కాలం చూపుతుంది. భూమి గంటకు పదిహేను డిగ్రీలు తిరుగుతుంది, అంటే నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ. మన దేశపు గడియారానికి ఆధారమైన రేఖ మన కాకినాడ దాపునుండే పోతుంది. అది గ్రీనిచ్‌కు తూర్పున ఎనభై రెండున్నర డిగ్రీలు. నాలుగు చొప్పున హెచ్చవేయండి, మూడు వందల ముప్పై నిమిషాలు, అంటే ఐదున్నర గంటలు. రేడియోలో గ్రీనిచ్ కాలానికీ మనకూ చెప్పే తేడా అదే! మేరీ చేసే లెక్కా ఇదే. కేప్ హార్న్ దగ్గర సూర్యుడు నెత్తిమీదికి వచ్చే సమయానికి గ్రీనిచ్ గడియారంలో సాయంత్రం నాలుగున్నర కావస్తుంది. ఆ తేడా నుండి ఓడ గ్రీనిచ్‌కు ఎన్ని డిగ్రీలు పడమర ఉందో తేలుతుంది. గడియారం ఒక్క నిమిషం తప్పినా అక్కడ పదిహేను కిలోమీటర్లు తప్పుతాం. రాళ్ళున్న తీరంలో పదిహేను కిలోమీటర్లు అంటే ఓడ, మనుషులు, సరుకు అన్నీ పోయినట్టే.

ఇంకొక చిక్కు. మబ్బు పట్టిన రోజున సూర్యుడు కనబడడు. అప్పుడు నిన్నటి స్థానం నుండి ఓడ ఎంత వేగాన, దిక్సూచిలో ఏ దిక్కుకు, ఎన్ని గంటలు నడిచిందో కూడి అంచనా వేసుకోవాలి. రెండు మూడు రోజులు అలా నడిస్తే పొరపాటు మీద పొరపాటు పేరుకుంటుంది. పదిహేడు నెలల్లో మేరీ ఇవన్నీ చేతిలో పని అయ్యేదాకా నేర్చుకుంది. ఓడలో జబ్బు పడినవారికీ, దెబ్బ తగిలినవారికీ మందు వేయడం, కట్టు కట్టడం కూడ ఆమె పనే అయింది.

ఇక రెండవ ప్రయాణం. 1856 జూలై మొదట్లో నెప్ట్యూన్స్ కార్ న్యూయార్కు విడిచింది. ఓడ, సరుకు కలిపి సుమారు మూడున్నర లక్షల డాలర్ల విలువ. ఆ రోజుల్లోనే ఇంట్రెపిడ్, రొమాన్స్ ఆఫ్ ది సీస్ అనే మరి రెండు పేరుమోసిన క్లిప్పర్లు కూడా అదే దారిన బయలుదేరాయి. పందెం మొదలైంది. మేరీ గర్భవతి, ఇంకా తొలి దినాలు. బయలుదేరేనాటికి ఆ సంగతి ఆమెకైనా తెలుసునో లేదో.

ఆరంభంలోనే ఒక అపశ్రుతి. ఎప్పుడూ వెంట ఉండే మొదటి మేట్, అంటే కప్తాను తరువాతివాడు, కాలు విరిగి ఆగిపోయాడు. ఓడను ఆపడానికి యజమానులు ఒప్పుకోరు. తొందరలో కీలర్ అనే అతణ్ణి ఆ స్థానంలో తీసుకున్నారు. ఈ కీలర్ కాపలా వేళ నిద్రపోయేవాడు. గాలి బాగా ఉన్నా తెరచాపలు పూర్తిగా విప్పించేవాడు కాదు. ఎదుటి ఓడ మీద అతడు డబ్బు కాశాడేమోనన్న అనుమానం కూడా పుట్టింది. చెప్పి చూసిన తరువాత జాషువా అతణ్ణి పదవి నుండి తీసివేసి, ఓడలోనే బంధించి ఉంచాడు.

చెయ్యవలసిన పనే చేశాడు. కాని దాని భారం ఆయన ఒంటి మీదనే పడింది. ఓడలో రాత్రింబగళ్ళు వంతులవారీగా కాపలా ఉంటుంది. మొదటి మేట్ వంతు కూడా కప్తానే చేయవలసి వచ్చింది. రెండవ మేట్ హేర్ మంచి పనిమంతుడు, నమ్మకస్తుడు, తాళ్ళు తెరచాపలు అన్నీ తెలిసినవాడు. అయితే సూర్యుణ్ణి కొలిచి స్థానం తేల్చే లెక్క అతనికి రాదు. జాషువా రోజుల తరబడి కంటి మీద కునుకు లేకుండా పైతట్టు మీదనే నిలబడ్డాడు. అప్పటికే ఆయన ఒంట్లో రోగం ఉంది. కేప్ హార్న్ దగ్గర పడుతుండగా కుప్పకూలిపోయాడు. విపరీతమైన జ్వరం, సంధి ప్రేలాపన. కొన్నాళ్ళకు చూపు పోయింది, వినికిడి కూడా మందగించింది. అప్పటివారు దాన్ని మెదడు జ్వరం అన్నారు. అది క్షయ రోగపు ఫలితమని తరువాత రాసినవారు తలచారు.

కేప్ హార్న్ అంటే ఏమిటో పాఠకులు పటం తీసి చూడాలి. దక్షిణ అమెరికా అడుగున, అక్షాంశం 56 డిగ్రీల దగ్గర ఉన్న రాతి కొన. దానికి దిగువ సముద్రం, ఆపైన మంచు ఖండం. ఆ వెడల్పు సుమారు ఎనిమిది వందల కిలోమీటర్లు. అక్కడ గాలి పడమటి నుండి తూర్పుకు భూమి చుట్టూ తిరుగుతూనే ఉంటుంది, అడ్డంగా ఒక్క కొండ లేదు. అలలు కూడ అలాగే పెరుగుతూ వస్తాయి. న్యూయార్కు నుండి కాలిఫోర్నియా పోయే ఓడ సరిగ్గా ఆ గాలికి ఎదురు నడవాలి. తెరచాప ఓడ గాలికి ఎదురుగా తిన్నగా పోలేదు. కొంత ఇటు వాలుగా, కొంత అటు వాలుగా, అడ్డదిడ్డంగా పోతూ కొద్దికొద్దిగా ముందుకు జరగాలి. పైగా మనకు వానాకాలం అయినప్పుడు అక్కడ చలికాలం. పగలు పొట్టి, తాళ్ళ మీద మంచు, నీళ్ళలో మంచుగడ్డలు. ఆ ఏడు చలి మరీ తీవ్రం. అనేక ఓడలు అక్కడ చితికిపోయాయి.

ఆ చోట కప్తాను పడిపోయాడు. ఓడలో స్థానం తేల్చగలవారు ఇద్దరే మిగిలారు. బంధింపబడి ఉన్న కీలర్ ఒకడు, మేరీ ఒకతె.

కీలర్ ఆమెకు చీటీ పంపాడు. ముందున్న అపాయాలన్నీ వివరించి, తనను విడిచిపెడితే ఓడ బాధ్యత తాను తీసుకుంటానన్నాడు. ఆ మాటలో తర్కం లేకపోలేదు. ఎదిగిన మగవాడు, అనుభవం ఉన్న నావికుడు. ఆమె పందొమ్మిదేళ్ళ గర్భిణి. ఆమె ఇచ్చిన జవాబు చాలా పొట్టిది. మేట్‌గా ఉండడానికి నా భర్త నిన్ను నమ్మలేదు, కప్తానుగా ఉండడానికి నేనెలా నమ్ముతాను, అన్నది దాని సారాంశం.

అతడు అంతటితో ఊరుకోక కళాసీలను ఎగదోయబోయాడు. మేరీ కళాసీలందరినీ పైకి పిలిపించింది. భర్త స్థితి దాచకుండా చెప్పింది. ఆయన కోలుకునేదాకా తన మాట మీద, హేర్ మాట మీద ఓడ నడవాలని అడిగింది. ఆ రోజుల్లో కళాసీలంటే మొరటు మనుషులని పేరు. రకరకాల దేశాలవారు, తాగుబోతులు, అప్పులవాళ్ళు. వారంతా ఒప్పుకున్నారు. పదిహేడు నెలల ప్రయాణంలో ఆమె లెక్కలు చేయడం కొందరు చూసి ఉండవచ్చు. గాయాలకు కట్టు కట్టించుకున్నవారు మరచి ఉండరు. ఒప్పుకోవడం వేరు, తుఫానులో ఆ మాట నిలుపుకోవడం వేరు. వారు నిలుపుకున్నారు.

అక్కడి నుండి ఆమె దినచర్య ఆలోచిస్తే మన ఇళ్ళలో రోగిని పెట్టుకుని పొలం పని కూడా చూసుకునే తల్లులు గుర్తుకు వస్తారు. పని రెండు చోట్ల. పైన ఓడ, క్రింద గదిలో భర్త. సూర్యుడు మబ్బుల సందున కనబడే క్షణం కోసం సెక్స్టాంట్ పట్టుకుని పైన నిలబడేది. కొలత తీసుకుని క్రిందికి వచ్చి లెక్కవేసి పటం మీద గుర్తు పెట్టేది. ఏ తెరచాప ఉంచాలి, ఏది దించాలి, ఓడ ముఖం ఎటు త్రిప్పాలి అని హేర్‌తో మాట్లాడేది. తిరిగి గదిలోకి. ప్రేలాపనలో లేచి పరుగెత్తబోయే భర్తను పక్కకు కట్టి ఉంచవలసి వచ్చేది. వేడి తగ్గడానికి ఆయన తల గొరిగింది. ఓడలో వైద్యుడు లేడు. మందుల పెట్టె, దానితోపాటు వచ్చే వైద్య పుస్తకం ఉన్నాయి. రాత్రుళ్ళు ఆ పుస్తకం చదివి, ఉన్న మందుల్లో ఏది మేలో వెతికేది. యాభై రోజులు బట్టలు మార్చుకుని పడుకోలేదని చెప్తారు. కట్టుకున్న బట్టలతోనే, తడిసినవి తడిసినట్టే, కాసేపు ఒరిగి లేచేది.

ఎదురుగాలి విడువలేదు. ఒక్కొక్క రోజు ముందుకు జరిగినది మరునాడు వెనక్కి కొట్టుకుపోయేది. ఇంకా దక్షిణానికి పోతే గాలి మారవచ్చు, మంచుగడ్డలు తగలవచ్చు. ఉత్తరాన ఉంటే రాళ్ళు. ఏది ఎంచుకున్నా ప్రాణాలతో పందెమే. ఏది ఎంచుకోవాలో చెప్పవలసినది ఆమె. చివరికి కొన దాటారు. పసిఫిక్ మహాసముద్రంలోకి ఓడ ముఖం త్రిప్పింది.

వాతావరణం మెత్తబడ్డాక జాషువాకు కొంత తెలివి వచ్చింది. ఆయన చేసిన మొదటి పని ఏమిటంటే, భార్య అవస్థ చూడలేక కీలర్‌ను విడిపించి మళ్ళీ పనిలో పెట్టడం! జాలితో చేసిన పనిని తప్పు పట్టలేం గాని, పొరపాటు మాత్రం పొరపాటే. కొద్ది రోజుల్లోనే ఓడ శాన్ ఫ్రాన్సిస్కో దారి విడిచి, చిలీ దేశపు వల్పరైజో రేవు వైపు తిరుగుతున్నదని బయటపడింది. అక్కడ ఆగితే కళాసీలు చెదిరిపోతారు, సరుకు నిలిచిపోతుంది. కీలర్‌ను మళ్ళీ తొలగించారు. జాషువా రోగం మళ్ళీ ముదిరింది, ఈసారి కంటిచూపు పూర్తిగా పోయింది. బాధ్యత మేరీ మీదికే తిరిగి వచ్చింది, ఈసారి రేవు చేరేదాకా.

శాన్ ఫ్రాన్సిస్కో చేరువకు వచ్చాక గాలి పడిపోయింది. కేప్ హార్న్‌లో విడవకుండా కొట్టిన గాలి, గమ్యం ముందర ఊపిరి బిగబట్టినట్టు ఆగిపోయింది. రోజుల తరబడి ఓడ కదలలేదు. చివరికి 1856 నవంబరు 15న నెప్ట్యూన్స్ కార్ రేవులోకి వచ్చింది. చివరి దారిలో ఆమె స్వయంగా చుక్కాని పట్టిందని చెప్తారు. బయలుదేరి నాలుగున్నర నెలలయింది. రొమాన్స్ ఆఫ్ ది సీస్ ముందే చేరింది. ఇంట్రెపిడ్ ఇంకా రాలేదు. కప్తాను మంచం పట్టిన ఓడ, ఆరోగ్యవంతులైన అధికారులున్న పేరుగల ఓడను వెనక వేసింది. పందేల భాషలో చెప్పాలంటే ఇది ఆమె విజయం. ఆమె మాత్రం పందెం గురించి మాట్లాడినట్టు ఎక్కడా కనబడదు. భర్తను మోసుకుని ఒడ్డు మీదికి దింపించడమే ఆమె తొందర.

అప్పటికి ఆరవ నెల. విశ్రాంతి లేదు. ఊరుకాని ఊరిలో కొంతకాలం ఉండి, గుడ్డివాడైన భర్తను తీసుకుని పనామా భూసంధి దాటి, అవతల మరో ఓడ ఎక్కి 1857 ఫిబ్రవరిలో న్యూయార్కు చేరింది. దారి పొడవునా తినిపించడం, తుడవడం, ఎత్తి కూర్చోబెట్టడం ఆమె పనే. ఒక పత్రికా విలేఖరి ఆమెను చూసి, ఇంత చిన్న మనిషా ఆ ఓడ నడిపింది అని ఆశ్చర్యపోయాడు. అక్కడి నుండి పుట్టింటి ఊరు బోస్టన్ చేరింది. మార్చి 10న మగబిడ్డ పుట్టాడు. తండ్రి పేరే పెట్టారు, జాషువా అని. తండ్రి ఆ బిడ్డను చూడలేకపోయాడు.

ఈలోగా ఆమె పేరు దేశమంతా పాకింది. ఓడకు భీమా ఇచ్చిన కంపెనీలవారు మెచ్చుకోలు ఉత్తరంతో వెయ్యి డాలర్లు పంపారు. ఆమె మూడున్నర లక్షల ఆస్తిని దక్కించింది, వారు వెయ్యి ఇచ్చారు. దీనిపై వ్యాఖ్య పాఠకులకే వదిలేస్తాను. కొన్ని పత్రికలు అప్పుడే ఈ మొత్తం సిగ్గుచేటన్నాయి. బోస్టన్‌లో చందాలు పోగుచేసి మరో పధ్నాలుగు వందల డాలర్ల దాకా ఇచ్చారు.

భీమా కంపెనీలకు ఆమె రాసిన జవాబు నిలిచి ఉన్నది. మీరు నా పనికి ఉన్నదానికంటె ఎక్కువ విలువ కట్టారేమోనని సంకోచంగా ఉన్నదని రాసింది. రెండవ మేట్ హేర్ సహాయం లేకుంటే, కళాసీల మంచి మనసు లేకుంటే తన వల్ల అయ్యేది కాదన్నది. మంచి భర్త పట్ల భార్య చేయవలసిన మామూలు పనే చేశానన్నది. ఈ చివరి మాటను ఆ రోజుల్లోనూ తరువాతా చాలామంది పట్టుకున్నారు. చూశారా, ఇది భార్య ధర్మం మాత్రమే అన్నారు ఒకరు. చూశారా, స్త్రీ ఏ పనైనా చేయగలదు అన్నారు స్త్రీల హక్కుల కోసం పోరాడేవారు. రెండు వైపులా ఆమెను తమ మనిషిని చేసుకోవాలని చూశారు. ఆమె ఎవరి సభకూ ఎక్కలేదు. తీరిక ఎక్కడిది? ఒక గదిలో పాలుతాగే పిల్లవాడు, ఇంకొక గదిలో మతి చలించిన భర్త.

నాకు మాత్రం ఒక మాట చెప్పబుద్ధి అవుతున్నది. భార్య ధర్మం వల్లనే ఆమె ఓడ నడిపిందంటే సగం మాటే. ప్రేమ ఉన్నంత మాత్రాన అక్షాంశం తేలదు. భర్తలను ప్రాణంగా చూసుకున్న కప్తానుల భార్యలు ఎందరో ఉన్నారు, అదే ఆపద వస్తే వారు ఏడవడం తప్ప చేయగలిగింది ఉండేది కాదు. ఎందుకంటే వారికెవరూ నేర్పలేదు. మన ఇళ్ళలో కూడా పొలం కాగితాలు ఎక్కడున్నాయో, బ్యాంకులో అప్పెంతో, సొసైటీలో ఎరువుల లెక్కేమిటో ఇంటాయనకు తప్ప తెలియని కుటుంబాలు ఎన్ని లేవు? ఆయన మంచం పట్టిన రోజున ఆ ఇల్లాలికి ఎంత ప్రేమ ఉంటే మాత్రం ఏం చేయగలదు!

తక్కిన కథ దుఃఖకరం, త్వరగా చెప్పేస్తాను. జాషువా కోలుకోలేదు. ఇంట్లో చూసుకోవడం సాధ్యం కాక బోస్టన్ దగ్గరి మానసిక చికిత్సాలయంలో చేర్చారు. 1857 జూలైలో ఆయన అక్కడే కన్నుమూశాడు. బిడ్డకు అప్పటికి నాలుగు నెలలు. మేరీకి ఇరవై ఏళ్ళు.

ఆమె మళ్ళీ సముద్రం మీదికి వెళ్ళలేదు. వచ్చిన డబ్బుతో, అయినవారి ఆసరాతో బిడ్డను పెంచుకుంటూ బోస్టన్‌లోనే ఉండిపోయింది. అంతలోనే ఆమెకూ క్షయ సోకింది. రోగి పక్కనే నెలల తరబడి, గాలి ఆడని ఓడ గదిలో ఉండడం వల్లనే వచ్చిందని మనం ఈనాడు అనుకోవచ్చు. ఆ రోజుల్లో ఆ రోగం ఒకరినుండి ఒకరికి అంటుతుందని ఎవరికీ రూఢిగా తెలియదు. దాని క్రిమిని కాక్ అనే జర్మన్ వైద్యుడు కనిపెట్టింది 1882లో. మందులు వచ్చింది ఇరవయ్యో శతాబ్దం సగం గడిచేటప్పుడు. ఇప్పుడు మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కఫం పరీక్ష, మందులు ఉచితం. రెండు వారాలు మించి దగ్గు ఉన్నవారు, వారిని కనిపెట్టుకుని ఉన్నవారు ఆలస్యం చేయకుండా వెళ్ళాలి. మేరీకి ఆ మందు లేదు. 1861 మార్చిలో, ఇరవై నాలుగో పుట్టినరోజుకు కొద్ది వారాల ముందు మరణించింది. బిడ్డకు నాలుగేళ్ళు నిండిన నెల అది. బోస్టన్ పక్కనున్న ఎవరెట్ ఊరి సమాధుల తోటలో భర్త దగ్గరే ఆమెను ఉంచారు.

న్యూయార్కు దగ్గర కింగ్స్ పాయింట్ అనే చోట అమెరికా ప్రభుత్వం వాణిజ్య నౌకల అధికారులకు శిక్షణ ఇచ్చే కళాశాల ఉన్నది. సెక్స్టాంట్ పట్టడం, ఓడ స్థానం లెక్కకట్టడం అక్కడి విద్యార్థులు నేర్చుకుంటారు. 1974 నుండి అక్కడ ఆడపిల్లలను కూడా చేర్చుకున్నారు. ఆ కళాశాలలో జబ్బు చేసిన విద్యార్థులను చేర్చే ఆసుపత్రికి ప్యాటెన్ ఆసుపత్రి అని ఆమె పేరే పెట్టారు.